మిర్చి కోసే ఆమె రైతా.. గృహిణా..? ఈ లెక్క తేలాలంటే చరిత్ర రాసే మహిళలు కావాలి!

దాచేపల్లి నుంచి అద్దంకి-నార్కట్‌పల్లి హైవే మీద ఏ వైపు వెళ్లినా సీజన్‌లో ఒకటే సీన్. పత్తి చేలల్లో, మిరప తోటల్లో వరుసగా వంగి పనిచేస్తున్న ఆడవాళ్లు. కలుపు తీసేది, పత్తి తీసేది, కాయ కోసేది, కల్లంలో తాలు ఏరేది ఎక్కువగా వాళ్లే. మరి పాస్‌బుక్ మీద పేరెవరిది? యార్డులో సరుకు ఎవరి పేరు మీద అమ్ముడవుతుంది? చాలా ఇళ్లలో మగవాళ్లదే.

ఇప్పుడీ ప్రశ్న ఎందుకంటే.. 2027 జనగణన. ఎన్యూమరేటర్ వచ్చి 'ఆమె ఏం చేస్తారు?' అని అడిగినప్పుడు, గుమ్మంలో ఉన్న మనిషి 'ఇంట్లోనే ఉంటుందండీ' అనేస్తే ఏడాది పొడవునా పడ్డ కష్టం ఒక్క మాటతో గల్లంతు. రేపు ఎవరైనా పల్నాడు చరిత్ర రాస్తే వాళ్ల చేతికి దొరికేది కూడా ఆ కాగితమే.

'భార్య' అని రాసి వదిలేశారు

ఇది మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. 2023లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న హార్వర్డ్ ప్రొఫెసర్ క్లాడియా గోల్డిన్ అమెరికాలో రెండు వందల ఏళ్ల రికార్డులు తిరగేశారు. పొలంలో, కుటుంబ వ్యాపారంలో భర్తతో పాటు పనిచేసిన ఆడవాళ్లకు కూడా పాత సెన్సస్‌లలో చాలాచోట్ల వృత్తి 'భార్య' అని రాసి ఉంది. ఇతర రికార్డులతో సరిచూసి లెక్క మళ్లీ కడితే.. 1890ల చివర్లో పనిచేసే వివాహితల శాతం అధికారిక లెక్క కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. ఎకనామిక్స్ నోబెల్‌ను ఎవరితోనూ పంచుకోకుండా అందుకున్న తొలి మహిళ ఆమే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రికార్డులు గోల్డిన్ కంటే ముందు నుంచీ ఉన్నవే. ఒకే ప్రశ్న వెంట దశాబ్దాల పాటు పడాలంటే జీతం, లైబ్రరీ, టైమ్ ఉండాలి. ఆమెకు అవి ఉన్నాయి. రీసెర్చ్ చేసే మహిళలకు సపోర్ట్ అంటే సన్మానాలు, శాలువాలు కాదు.. ఈ మూడే.

మన లెక్కలు మారాయా?

కొంత మారాయి. 1991 జనగణనలో పని గురించి అడిగే ప్రశ్నలో 'సొంత పొలంలో, ఇంటి వ్యాపారంలో కూలి లేకుండా చేసే పని' అనే మాట స్పష్టంగా చేర్చారు. కేంద్రం చేసే లేబర్ ఫోర్స్ సర్వేలో గ్రామీణ మహిళల భాగస్వామ్యం 2017-18లో 24.6 శాతం ఉంటే, 2023-24కి 47.6 శాతానికి చేరింది. ఈ పెరుగుదలలో పెద్ద భాగం స్వయం ఉపాధిదే. అందులో కుటుంబ పొలాల్లో, వ్యాపారాల్లో జీతం లేని 'హెల్పర్లు' కూడా ఉన్నారు. మరోవైపు 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో మహిళల పేరు మీద ఉన్నవి 13.96 శాతమే.

ఇదేదో క్లాస్‌రూమ్ చర్చ అనుకోకండి. పీఎం కిసాన్ అయినా, పంట నష్టం పరిహారం అయినా పోయేది రికార్డులో పేరున్నవాళ్లకే.

పల్నాడులో ఇంకా అడగాల్సిన ప్రశ్నలు

మన ప్రాంతం గురించి రాసిన మహిళలు లేరని కాదు. ధర్మా కుమార్ 1965లోనే మద్రాస్ ప్రెసిడెన్సీలో భూమికి, కులానికి ఉన్న లంకెపై పుస్తకం తెచ్చారు. బ్రిటిష్ పాలనకు ముందే దక్షిణాదిలో భూమిలేని కూలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారని వాదించారు. గుంటూరు కూడా ఆ ప్రెసిడెన్సీలోదే. హైదరాబాద్‌లోని సెస్‌లో పనిచేసిన కనకలత ముకుంద్, బి.శ్యామసుందరితో కలిసి ఏపీ చేనేతపై 2001లో పుస్తకం ప్రచురించారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళల మాటలు రికార్డు చేసి, స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది.

అయినా అడగాల్సినవి బోలెడు. 1832-33 గుంటూరు కరువులో లక్ష మందికి పైగా చనిపోయారని అంచనా. మిగిలిన ఇళ్లను ఎవరు నిలబెట్టారు? పుల్లరి పన్నుపై పోరాడి 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణాలిచ్చారు. ఆ పన్ను దెబ్బకు పాలు, పెరుగు అమ్ముకునే ఆడవాళ్ల సంపాదన ఏమైంది? 1967లో సాగర్ నీళ్లొచ్చాక ఆడకూలి, మగకూలి మధ్య తేడా తగ్గిందా, పెరిగిందా? 1987-88లో తెల్లదోమతో పత్తి పోయి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ అప్పులు తర్వాత ఎవరు తీర్చారు?

పుల్లరి, వెట్టి, కరణం లెక్క.. ఈ మాటల్ని డిక్షనరీ చూడకుండా అర్థం చేసుకునేది ఇక్కడ పుట్టిన పిల్లలే. కానీ వాళ్లు అక్కడిదాకా వెళ్లగలుగుతున్నారా?

రికార్డు ఒక చోట.. అమ్మాయి ఒక చోట

దాచేపల్లి అమ్మాయి ఈ సబ్జెక్ట్‌లో పీహెచ్‌డీ చేయాలంటే మద్రాస్ బోర్డ్ ఆఫ్ రెవెన్యూ పాత రికార్డుల కోసం చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. మరికొన్నింటికి హైదరాబాద్ తార్నాక. ఇంకొన్ని లండన్‌లో. ఒక్కో చోట వారాల తరబడి ఉండాలి. సేఫ్ హాస్టల్ ఎక్కడ? ఖర్చు ఎవరిస్తారు?

జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ 42 వేలు. రానివాళ్లకు? సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8 వేలే. పిల్లలు పుడితే 240 రోజుల సెలవు, పీహెచ్‌డీ పూర్తికి రెండేళ్ల అదనపు గడువు యూజీసీ ఇచ్చింది. మంచిదే. కానీ గడువు పెరిగితే డబ్బు దానంతట అదే పెరగదు. కెరీర్ గ్యాప్ తర్వాత తిరిగొచ్చే మహిళల కోసం కేంద్రం నడిపే వైజ్-కిరణ్ కూడా సైన్స్, టెక్నాలజీ వాళ్ల కోసం పెట్టిందే.

'ఉద్యోగం రాని చదువు ఎందుకమ్మా, పెళ్లి చేస్తాం' అనే తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు. పోస్టులు భర్తీ కాకపోతే వాళ్ల భయం నిజమే కదా!

పెద్ద బడ్జెట్ అక్కర్లేదు

నాగార్జున యూనివర్సిటీ, తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీ లాంటి చోట్ల ఆర్కైవ్స్ ప్రయాణానికి చిన్న గ్రాంట్లు, చెన్నైలో, హైదరాబాద్‌లో నెల రోజుల వసతి ఏర్పాటు చేస్తే చాలామందికి దారి దొరుకుతుంది. గుంటూరు, పల్నాడు పాత రెవెన్యూ రికార్డులు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెడితే సగం ప్రయాణమే తప్పుతుంది.

ఇంకో పని ఊళ్లోనే చేయొచ్చు. కోతల ముఠా మేస్త్రి దగ్గర ఒక నోట్‌బుక్ ఉంటుంది. ఎవరు ఎన్ని రోజులు వచ్చారు, ఎంత కూలి, ఎంత అడ్వాన్స్.. అన్నీ అందులోనే. పాస్‌బుక్‌లో కనిపించని ఆడవాళ్ల పేర్లు ఉండేది ఆ పుస్తకంలోనే. సీజన్ అయ్యాక అది చిత్తు కాగితాల్లో కలిసిపోతుంది. దాన్ని ఫొటో తీసి దాచే ఒక స్టూడెంట్, ఆమెకు నెలనెలా అందే ఫెలోషిప్ ఉంటే చాలు. యాభై ఏళ్ల తర్వాత పల్నాడు చరిత్ర రాసేవాళ్లకు 'గృహిణి' అనే ఒక్క మాట కంటే చాలా ఎక్కువే దొరుకుతుంది.