ఉమ్మడి డిస్కు – వంతు నియమము

సుంకేశుల యొద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడపవఱకు పోవు కె.సి. కాలువను మన విద్యార్థు లందఱు ఎఱుగుదురు. 1860 దశకమున మద్రాసు ఇరిగేషను కంపెనీవారు త్రవ్వింప నారంభించిన ఈ కాలువను 1882లో ప్రభుత్వమువారు కొనిరి. కాలువ యొకటి, రైతులు వేలకొలది. ఎగువ రైతు తన యిష్టమువచ్చినట్లు తూము తెఱచినచో దిగువ రైతు చేను ఎండును. కావుననే వంతులును, లస్కరులును అవసరమైరి.

కంప్యూటర్ల విషయమునను ఇట్టి చిక్కే కలదు. మే మొకప్పుడు పనిచేసిన పాఠశాలలో మార్కుల పట్టికకు నాలుగు కంప్యూటర్లలో నాలుగు నకళ్లుండెను. ఒక బాలిక గణితపు మార్కును ఒక నకలులో దిద్దితిమి. తక్కినవానిలో దిద్దుట మఱచితిమి. తప్పు మార్కే తండ్రికి చేరెను. ఆ బాలిక కన్నీటికి కారణ మెవరి పక్షపాతమును గాదు. పట్టికలు నాలు గగుటయే.

అయినచో అన్ని కంప్యూటర్లకును ఒకే డిస్కు తగిలించిన చాలదా యని కొంద ఱడుగుదురు. చాలదు. సామాన్యమైన ఫైల్ సిస్టము డిస్కునకు తానే యేకైక యజమానినని తలచును. ఏ గడి ఖాళీగా నున్నదో తన జ్ఞాపకమున నుంచుకొని దానినే నమ్మును. రెండు కంప్యూటర్లు అట్లు నమ్మినచో ఒకే గడిలో రెండు ఫైళ్లు వ్రాయబడి చెడిపోవును.

ఈ కీడును మాన్పుటకే క్లస్టర్ ఫైల్ సిస్టములు ఏర్పడినవి. 1983లో అమెరికాలోని డిజిటల్ కంపెనీవారి వాక్స్ క్లస్టరు ఈ త్రోవను చూపెను. 2006లో ఓ.సి.ఎఫ్.ఎస్.2, జి.ఎఫ్.ఎస్.2 అనునవి లినక్సులో చేరెను. వీనియందు చదువుటకు అందఱికిని ఏకకాలమున అనుమతి కలదు. వ్రాయుటకు మాత్రము ఒకరి తరువాత నొకరికే. పడవలు నడచిన దినములలో మన కాలువపై నుండిన లాకుల వలెనే ఈ అనుమతికిని లాకు అనియే పేరు. లాకును విడుచు కంప్యూటరు తాను మార్చినదంతయు డిస్కునకు చేర్చి మఱి విడువవలెను. ఏదేని కంప్యూటరు పలుకనిచో, తక్కినవి ముందుగా దానిని డిస్కునుండి వేఱుచేసి, దాని దినచర్యను చదివి, సగములో నిలిచిన పనిని చక్కబెట్టును.

నీరు వాడిన తరుగును. అక్షరము చదివిన తరుగదు. అయినను వ్రాతకు వంతు తప్పదు. ఇంతటి యేర్పాటును డిస్కును కాపాడును గాని మన తొందరపాటును ఆపజాలదు. ఇరువురు ఒకే పట్టికను తెఱచి, దిద్ది, వెంటవెంట భద్రపఱచినచో, ఒకరి దిద్దుబాటును రెండవవారి వ్రాత తుడిచివేయవచ్చును.

కావున మా యభిప్రాయ మిది. చిన్న పాఠశాలలకు క్లస్టరు అక్కఱలేదు. పట్టిక నొక్క కంప్యూటరులో నుంచి, తక్కినవి దానిద్వారా చూచుట చాలును. ఆపదకై వేఱుచోట నొక నకలు దాచవలెను. వంతు నియమము మాత్రము చిన్న పాఠశాలకును కావలెను. విద్యార్థులారా! ఉమ్మడి సొత్తును ముట్టుటకు ముందు మఱియొకరు వ్రాయుచున్నారేమో యని యడిగి, కొంచెము వేచియుండుట నేర్చుకొనుడు.