వారానికి ఎనిమిది గంటల సీటీవో

పదిహేను రోజుల క్రితం ఒక ఫోనొచ్చింది. "ఏమండీ, మీకు పదహారేళ్ళ అనుభవముంది కదా, మా దగ్గర నాలుగు కంపెనీలున్నాయి. ఒక్కోదానికీ వారానికి ఎనిమిది గంటలు చాలు. కార్డు మీద సీటీవో అనే ఉంటుంది. నాలుగూ కలిపితే మీకిప్పుడొచ్చే జీతం కంటే ఎక్కువే" అన్నాడాయన.

"పనేంటండీ?" అనడిగాను.

"గైడెన్సే. బిజినెస్ స్ట్రాటజీ చెప్పాలి. కోడు రాయక్కర్లేదు, అర్ధరాత్రి ఫోన్లుండవు."

"మరి ఏదన్నా తేడా వస్తే?"

"దానికి వాళ్ళ టీముంటుంది కదండీ!"

ఆ చివరి ముక్క దగ్గరే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎందుకంటే, కొన్నేళ్ళ క్రితం ఆ "వాళ్ళ టీము"లో ఉన్నవాణ్ణి నేనే.

దీనికి మార్కెట్లో ముద్దుపేరు ఫ్రాక్షనల్ సీటీవో. ఫ్రాక్షన్ అంటే చిన్నప్పుడు లెక్కల మాస్టారు చెప్పిన భిన్నమే. లవం స్థానంలో ఒక మనిషి, హారం స్థానంలో నాలుగో ఐదో కంపెనీలు. హారం పెరిగినకొద్దీ మన వాటాకొచ్చే మనిషి తగ్గిపోతాడన్నది ఐదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. తెలియనిది కంపెనీ యజమానులకే.

అసలెందుకు పెట్టుకుంటారో ముందు చెప్పుకుందాం. వ్యాపారం పెరిగింది, సాఫ్ట్‌వేరు పాతబడింది, పెట్టుబడి పెట్టేవాడొచ్చి "మీ టెక్నాలజీ ఎవరు చూస్తారు?" అనడిగాడు. మంచి సీటీవోని పూర్తి జీతమిచ్చి తెచ్చుకునే స్తోమత లేదు, లేదా ఉన్నా మనసొప్పదు. అప్పుడొకరొచ్చి, పెద్ద కంపెనీలో పాతికేళ్ళు చేసిన మనిషిని పావు ధరకే ఇస్తామంటారు. ఎవరికి చేదు? యజమాని తప్పు పట్టడానికి లేదు. ఆయన కొంటున్నదేంటో ఆయనకి చెప్పకుండా అమ్మినవాళ్ళతోనే నా పేచీ.

ఇప్పుడు నా కథ. పేర్లెందుకుగానీ, అది విత్తనాలు, ఎరువులు డీలర్లకి సరఫరా చేసే కంపెనీ. మేం ఆరుగురం ఇంజనీర్లం. అప్పటికి పదేళ్ళనాటి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరొకటి ఉండేది. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, నిజమే. కానీ గోడౌన్లో బిల్లు కొడితే ఆ కంప్యూటర్లోనే దాచుకుని, రాత్రికి నెట్ ఉన్నప్పుడు హెడ్డాఫీసుకి పంపేది. మా యజమాని ఒక పార్ట్‌టైమ్ సీటీవోని తెచ్చారు. ఘనమైన మనిషే, నిజంగా చదువుకున్నవాడే. సోమ, గురువారాలు రెండేసి గంటలు వీడియోలో కనబడేవారు. మిగతా గంటలు మెయిళ్ళు, ప్రెజెంటేషన్లు. మూడో వారానికల్లా స్ట్రాటజీ వచ్చేసింది: మొత్తం క్లౌడ్‌కి మార్చాలి, మైక్రోసర్వీసులుగా విడగొట్టాలి, కుబర్నెటీస్ మీద నడపాలి. ఆరుగురు మనుషులకి పద్నాలుగు సర్వీసులు! నెలకి నలభై వేలున్న సర్వర్ల ఖర్చు రెండున్నర లక్షలు దాటింది.

"సార్, గోడౌన్లలో నెట్ సరిగ్గా ఉండదు" అని నేనొకసారి అన్నాను. "ఇప్పుడు ఫోర్‌జీ అన్నిచోట్లా ఉంది కదా" అన్నారాయన. ఆయన చూసిన ఊళ్ళన్నిట్లో ఉంది మరి. ఆయన చూడని ఊళ్ళలోనే మా గోడౌన్లున్నాయి.

జూన్ వచ్చింది. తొలకరి పడింది. పత్తి విత్తనాల కోసం డీలర్లు తెల్లారేసరికి ట్రాలీ ఆటోలేసుకుని వచ్చేశారు. గాలివానకి నెట్ పోయింది. బిల్లు కొట్టాలంటే క్లౌడ్ కావాలి, క్లౌడ్ కావాలంటే నెట్ కావాలి. గోడౌన్ నిండా సరుకుంది, బయట జనమున్నారు, బిల్లు లేదు. చివరికి చిత్తు పుస్తకాల మీద చేత్తో రాసిచ్చారు. ఆ హడావుడిలో చాలావాటి మీద లాట్ నంబర్లు వేయలేదు. లాట్ నంబరు లేని బిల్లంటే ఏంటో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. రేపు విత్తనం మొలవలేదని రైతొస్తే అది ఏ లాటుదో ఎవడూ చెప్పలేడు. ఆ లెక్కలు సరిచేయడానికి మాకు రెండు నెలలు పట్టింది.

ఇంతకీ సీటీవోగారు? ఏప్రిల్లోనే ఆయన తొమ్మిది నెలల ఒప్పందం అయిపోయింది. "విజయవంతంగా క్లౌడ్‌కి మార్చిన" అనుభవంతో వేరే కంపెనీలో చేరారు. ఉద్యోగం పోయింది మాత్రం మా టీములో ఇద్దరు కుర్రాళ్ళకి. ఆ సర్వీసులు రాసింది వాళ్ళేగా! కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఇక్కడ దురద కందది, కోత పడింది కత్తిపీటకి.

ఆయన తెలివితక్కువవాడని నేననటం లేదు. గోడౌన్లో ఒక వారం కూర్చుని ఉంటే ఆ నిర్ణయం ఆయనే తీసుకునేవారు కాదు. నా వాదనంతా ఇదే. స్ట్రాటజీ అనేది రోజువారీ పనికి పైన ఎక్కడో గాల్లో తేలుతుందనీ, దాన్ని విడిగా గంటల లెక్కన కొనుక్కోవచ్చనీ అనుకోవడమే అసలు తప్పు. ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు, ఏ పాత ప్రోగ్రాములో ఏ పిచ్చి కండిషన్ ఎందుకుందీ అన్నవి తెలిసినవాడి నోట్లోంచి వచ్చేదే స్ట్రాటజీ. అవి తెలియనివాడి నోట్లోంచి వచ్చేది ఫ్యాషన్.

మీలో కొందరికి కౌలు గుర్తొచ్చి ఉంటుంది. ఏడాది కౌలుకి తీసుకున్నవాడు పొలానికి చెరువు మట్టి తోలడంటారు. కానీ ఈ పోలిక కౌలు రైతుకి అవమానం. పంట పోతే కౌలు రైతుకి అప్పు మిగుల్తుంది. ఈయనకి ఇన్వాయిస్ మిగుల్తుంది. అద్దెకొచ్చిన గుర్రం అగడ్తలు దాటుతుందా అని పెద్దలు ఊరికే అడగలేదు.

ఇక చట్టం ఏమంటుందో చూడండి. 2013 కంపెనీల చట్టం 203వ సెక్షను ప్రకారం లిస్టెడ్ కంపెనీలకీ, పది కోట్లూ అంతకు మించి చెల్లింపు మూలధనమున్న పబ్లిక్ కంపెనీలకీ పూర్తికాలపు సీఎఫ్‌వో, కంపెనీ సెక్రటరీ ఉండి తీరాలి. కొద్దిపాటి మినహాయింపులతో, అలాంటి మనిషి ఒకే సమయంలో ఇంకో కంపెనీలో కుర్చీ వేసుకోకూడదు కూడా. డబ్బుల లెక్క చూసేవాడు సగం మనిషైతే కుదరదని చట్టానికి తెలిసింది. ఆ జాబితాలో సీటీవో లేడు. లేడు కాబట్టి అవసరం లేదని మనవాళ్ళు అర్థం చేసుకున్నారు. ఈరోజున కంపెనీ ముంచాలంటే లెక్కల పుస్తకమెంత చాలో ఒక తప్పు డేటాబేస్ మార్పిడి కూడా అంతే చాలు.

అతిశయోక్తి అనిపిస్తే బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు సంగతి చూడండి. 2018 ఏప్రిల్లో ఒక వారాంతంలో 52 లక్షల మంది ఖాతాదార్లని పాత సిస్టమ్‌లోంచి కొత్తదానిలోకి మార్చారు. 19 లక్షల మంది దాకా తమ ఖాతాల్లోకి వెళ్ళలేకపోయారు. అంతా మామూలు స్థితికి రావడానికి డిసెంబరైంది. 2022 డిసెంబర్లో నియంత్రణ సంస్థలు బ్యాంకుకి 4.86 కోట్ల పౌండ్లకి పైగా జరిమానా వేశాయి. అక్కడితో ఆగలేదు. 2023 ఏప్రిల్లో, అప్పటి సీఐవోకి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది. ఆయన చేసిన తప్పేంటి? పని అప్పగించిన బయటి సంస్థ సిద్ధంగా ఉందో లేదో సరిగ్గా తేల్చుకోకుండా, వాళ్ళిచ్చిన భరోసా మీద ఆధారపడ్డం.

"ఆయన ఫుల్‌టైమే కదా, మరి ఆపగలిగాడా?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫుల్‌టైమ్ మనిషి తప్పు చేయడని నేనెప్పుడన్నాను? పని బయటికిచ్చినా బాధ్యత బయటికి పోదని, దానికి జవాబు చెప్పే మనిషి లోపల ఉండాలని ఆ కేసు చెబుతోంది. మన రిజర్వు బ్యాంకు కూడా 2023లో ఐటీ ఔట్‌సోర్సింగ్ మీద ఇచ్చిన ఆదేశాల్లో ఇదే చెప్పింది: ఏ పని బయటికిచ్చినా, అంతిమ బాధ్యత బోర్డుదీ సీనియర్ మేనేజ్‌మెంటుదే. మరి సీనియర్ మేనేజ్‌మెంటునే బయటినుంచి తెచ్చుకుంటే ఆ బాధ్యత ఎవరి నెత్తినుంటుంది?

బయటికిచ్చి నాలిక్కరుచుకున్న పెద్దవాళ్ళున్నారు. జేపీ మోర్గాన్ 2002 డిసెంబర్లో ఐబీఎంతో ఏడేళ్ళకి 500 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. నాలుగు వేలమంది దాకా ఉద్యోగుల్ని అటు పంపింది. రెండేళ్ళు తిరక్కుండానే, 2004 సెప్టెంబర్లో, బ్యాంక్ వన్‌తో విలీనమయ్యాక, ఒప్పందం రద్దు చేసుకుని ఆ పనీ మనుషుల్నీ వెనక్కి తెచ్చుకుంది. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మాదాపూరు, గచ్చిబౌలి రోడ్ల మీద బోర్డులు చదవండి. ఒకప్పుడు మన సర్వీసు కంపెనీలకి పనిచ్చిన విదేశీ సంస్థలు ఇప్పుడు సొంత కేంద్రాలు తెరిచి సొంత ఉద్యోగుల్ని పెట్టుకుంటున్నాయి. 2024 నాటికే దేశంలో అలాంటివి 1,700 పైచిలుకు. వాళ్ళు చేతుల్ని కూడా సొంతం చేసుకుంటుంటే, మన చిన్న కంపెనీలు తలకాయని అద్దెకి తెచ్చుకుంటున్నాయి!

ఇంకో విడ్డూరం. 2022లో మూన్‌లైటింగ్ గొడవ గుర్తుందిగా? రెండో చోట పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. అది మోసమని దాని ఛైర్మనే బాహాటంగా అన్నారు. సరే, అది తప్పే అనుకుందాం. రెండు చోట్ల కోడు రాసే కుర్రాడు మోసగాడైతే, ఐదుచోట్ల స్ట్రాటజీ చెప్పే పెద్దమనిషి నిపుణుడెలా అయ్యాడు? యజమానులకి తెలిసే చేస్తున్నాడు కాబట్టి మోసం కాదంటారా, ఒప్పుకుంటాను. కానీ కుర్రాడి విషయంలో "రెండు పడవల మీద కాళ్ళు పెడితే పని మీద మనసుండద"న్న వాదన ఐదు పడవలాయనకి ఎందుకు వర్తించదు?

ఇక కమీషన్ల సంగతి. అందరూ అలా చేస్తారనను. కానీ మీ సీటీవోయే ఫలానా క్లౌడ్ కంపెనీకి పార్ట్‌నరో, ఫలానా డెవలప్‌మెంట్ షాపులో వాటాదారో అయితే, ఆయనిచ్చే సలహా ఎటు మొగ్గుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. సంతకం పెట్టేముందు ఈ ఒక్క ప్రశ్న కాగితం మీద అడిగి జవాబు రాయించుకోమని ఏ యజమానికైనా చెబుతాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. బయటివాళ్ళ సలహాయే వద్దనటం లేదు. ఆపరేషనుకి ముందు రెండో డాక్టరుకి చూపించుకుంటాం. ఇద్దరు ముగ్గురున్న స్టార్టప్‌కి మొదటి ఇంజనీరుని ఎంచుకోవడంలో పెద్దవాళ్ళ సాయం మంచిదే. సెక్యూరిటీ తనిఖీ, కొనబోయే కంపెనీ కోడు పరిశీలన లాంటి మొదలూ తుదీ ఉన్న పనులకి గంటల లెక్కన మనిషిని తెచ్చుకోవచ్చు. "చిన్న కంపెనీలకి ఆడిటరు కూడా బయటివాడే కదా" అంటారు. అవును, కానీ ఆడిటరు పనికి చట్టముంది, ప్రమాణాలున్నాయి, చివర్లో తన పేరుతో సంతకముంది. పైగా ఆయన మీ వ్యాపారం ఎటు పోవాలో చెప్పడు, పోయిన దారిలో లెక్క సరిపోయిందో లేదో చెబుతాడు. సలహాదారుణ్ణి సలహాదారనే పిలవండి. వినండి, నచ్చితే చేయండి. మీ టీముని శాసించే కుర్చీ, తర్వాత జవాబు చెప్పక్కర్లేని సౌకర్యం, ఈ రెండూ ఒకే మనిషికివ్వకండి.

మరి పూర్తి సీటీవోకి డబ్బుల్లేని యజమాని ఏం చేయాలి? మీ గోడౌన్, మీ కౌంటర్, మీ పాత సాఫ్ట్‌వేరులో పురుగులూ అన్నీ తెలిసిన ఇంజనీరు ఒకరు మీ దగ్గరే ఉండి ఉంటారు. బహుశా మీటింగుల్లో వెనక వరసలో కూర్చుంటారు. పార్ట్‌టైమ్ పెద్దమనిషికిచ్చేదాంట్లో సగం వాళ్ళకి జీతం పెంచి నిర్ణయం చేతిలో పెట్టండి. మిగతా సగంతో వాళ్ళకొక గురువుని కుదర్చండి. తప్పులు చేస్తారు. కానీ వచ్చే జూన్‌లో కూడా అక్కడే ఉంటారు, చేసిన తప్పు వాళ్ళకి గుర్తుంటుంది. అనుభవమంటే అదే కదా!

నిన్న ఆ ఫోనాయనకి నేనే చేశాను. "నాలుగు కంపెనీలొద్దండీ. ఒక్కటే చూడండి. జీతం తక్కువైనా పర్లేదు. మొదటి నెల గోడౌన్లోనో షాపులోనో కూర్చుంటాను. తేడా వస్తే అర్ధరాత్రి ఫోను నాకే రావాలి" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అలాంటివి మా దగ్గరుండవండీ" అన్నాడు.