నాయినకు మనసు బాగాలేనప్పుడు



బాల్కొండ చుట్టుపక్కల ఊళ్లలో ప్రార్థనకు వెళ్లినప్పుడు ఒకే తీరు ఇండ్లు మాకు ఎదురవుతున్నాయి. గల్ఫ్ నుండి తిరిగొచ్చిన భర్త ఎవరితోను మాట్లాడడు, పొద్దెక్కినా లేవడు, తిండి మీద ధ్యాస ఉండదు. భార్య బీడీలు చేస్తూ, పిల్లలను బడికి పంపుతూ ఇల్లు నెట్టుకొస్తుంది. దీనిని కొందరు సోమరితనం అంటారు, కొందరు దయ్యం అంటారు, మన సంఘాలలోనైతే విశ్వాసం తక్కువ అంటారు. డాక్టర్లు డిప్రెషన్ అంటారు. మేము డాక్టర్ల మాటే వింటాము. కుష్ఠు రోగులను ఊరవతలికి నెట్టిన కాలంలో డిచ్‌పల్లిలో వారికి ఆసుపత్రి పెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు ప్రార్థనతో పాటు మందు కూడా ఇచ్చారు కదా!

అయితే మా భారమంతా పిల్లల గురించి. ఆ తల్లి "మీ నాయినకేం కాలేదు" అని దాస్తుంది, లేదంటే "ఆయన్ని అడగకండి, నన్నడగండి" అని భర్తను పక్కన పెడుతుంది. రెండూ ప్రేమతో చేసేవే. కాని దాచిన చోట పిల్లలు కారణం తామే అనుకుంటారు. "నాయినకు నా మీద కోపమొచ్చిందా?" అని అడుగుతారు. పక్కన పెట్టిన చోట ఆయన "నేను లేకున్నా ఇల్లు నడుస్తది" అనుకుంటాడు. ఆ స్థితిలో ఉన్న మనిషికి అంతకంటే అపాయమైన తలంపు లేదు.

ఏలీయా చావు కోరుకొని బదరీవృక్షము క్రింద పండుకున్నప్పుడు దూత ఆయనను గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఆ తరువాత కూడా దేవుడు ఆయన పని ఆయన చేతిలోనుండి తీసేయలేదు, ఎలీషాను తోడిచ్చాడు.

కాబట్టి సహోదరీ, "నాయినకు జబ్బు చేసింది, మీ తప్పేం లేదు, మందులు వాడుతున్నడు" అని పిల్లలకు నిజం చెప్పండి. ఫీజులు, అప్పులు కొన్నాళ్లు మీరే చూసుకోండి, ఆయనకు చెప్పి చేయండి. చిన్నదాన్ని బడిదాకా దించి రావడం లాంటి ఒక్క పని ఆయనకే ఉంచండి. చేయలేని రోజున లెక్క అడగకండి. మందు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది, నయమైందని మధ్యలో సొంతంగా ఆపొద్దు. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. 14416కు ఫోన్ చేస్తే రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

మీకూ విశ్రాంతి కావాలి. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలను మా ఇంట్లో వదలండి. పాస్టరమ్మ అన్నం పెడుతుంది, సాయంత్రం వచ్చి తీసుకుపోవచ్చు.