కొలత కుదిరితేనే కొనాలి

ఈ నెల ఎండాకాలం కూలర్ల గురించి రాద్దామనుకున్నాను. ఇంతలో మా గల్లీలో ఉండే పిలగాడొకడు సాయంత్రం పూట ఇంటికొచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాయితం చేతిలో పెట్టాడు. "కాకా, గేమింగ్ కంప్యూటర్ కొంటున్న. రేపు రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌కు ముంబై పోయి, లామింగ్టన్ రోడ్డుల సామాను తెస్త. ఒక్కసారి చూడవా?" అన్నాడు.

వాడి దగ్గరున్నది 48 వేలు. అందులో 30 వేలు టవల్ కార్ఖానాలో ప్యాకింగ్ పని చేసి, పగార్ లోంచి పద్నాలుగు నెలలుగా దాచుకున్నవి. మిగతా 18 వేలు వాళ్లమ్మ భిశి ఎత్తి ఇచ్చింది. ఆమె బీడీలు చుడుతుంది. వెయ్యి బీడీలకు ఎంతొస్తుందో ఈ పత్రిక చదివే ఇళ్లల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

కాయితం మీద ఎనిమిది పార్టులున్నాయి. నాలుగైదు వీడియోలు చూసి, ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి ఏరి రాసుకున్నాడు. విడిగా చూస్తే చాలామట్టుకు మంచి సామానే. కానీ మూడింటి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాల్సి వచ్చింది. మొదటిది మెషిన్‌ను లేవనియ్యదు. రెండోది లేచిన మెషిన్‌ను కాల్చవచ్చు. మూడోది డబ్బా మూత పడనియ్యదు.

మొదటి సున్నా మదర్‌బోర్డుకు. వాడు రాసుకున్న ప్రాసెసర్ రైజెన్ 5 5600. దానికి ఆరు కోర్లు, తక్కువ బడ్జెట్ ఆటలకు మంచి ఎంపిక. కానీ అది కూర్చునే సాకెట్ పేరు ఎఎం4. వాడు రాసిన బోర్డు బి650, దాని సాకెట్ ఎఎం5. పిన్నుల లెక్కే వేరు, ఎంత నొక్కినా కూర్చోదు. "కొత్త బోర్డైతే ముందు ముందు పనికొస్తదని రాసిన కాకా" అన్నాడు. పైగా బి650 బోర్డుకు డిడిఆర్5 ర్యామ్ కావాలి, వాడు రాసింది డిడిఆర్4. ఈ రెండు ర్యాముల కింద ఉండే గాటు ఒకే చోట ఉండదు, ఒకదాని స్లాటులో ఇంకోటి పట్టదు. అంటే ఒక్క బోర్డు తప్పుతో ప్రాసెసరూ పోయె, ర్యామూ పోయె.

బి650 కొట్టేసి బి550 అని రాశాను. దానికి ఎఎం4 ప్రాసెసర్, డిడిఆర్4 ర్యామ్ రెండూ సరిపోతాయి. ధర కూడా తక్కువే. అయితే దుకాణంలో ఒక మాట అడగాలి: "ఈ బోర్డు బయోస్ 5000 సిరీస్‌కు అప్‌డేట్ అయి ఉందా?" పాత స్టాకైతే కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టక నల్ల తెర చూపిస్తుంది. ఇంటికొచ్చాక ఆ చిక్కు విప్పడం కష్టం, కొన్నచోటే చేయించుకోవాలి.

ఇంటెల్ కొనేవాళ్లకూ ఇదే సూత్రం. 12, 13, 14వ తరం ప్రాసెసర్లకు ఎల్‌జిఎ1700 సాకెట్ బోర్డు కావాలి. ఆ బోర్డుల్లో కొన్ని డిడిఆర్4వి, కొన్ని డిడిఆర్5వి, డబ్బా మీద చదివే తీసుకోవాలి. ఇంకోటి, ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే (12100ఎఫ్ లాంటివి) లోపల గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు పెడితేనే తెర మీద బొమ్మ వస్తుంది. రైజెన్ 5 5600 కూడా అంతే. 5600జి లో మాత్రం గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. కార్డుకు ఇప్పుడు డబ్బు చాలని ఇంట్లో 5600జి తో మొదలుపెట్టి, చిన్న ఆటలు ఆడుకుంటూ, ఏడాది తర్వాత కార్డు పెట్టుకోవచ్చు. అది చేతగానితనం కాదు, లెక్క.

రెండో సున్నా పవర్ సప్లైకి. వాడి కాయితం మీద "క్యాబినెట్‌తో ఫ్రీ, 500 వాట్స్" అని ఉంది. ఇక్కడ నా సంగతి చెప్పాలి. నా మొదటి కంప్యూటర్‌కూ అట్లాంటిదే ఫ్రీగా వచ్చింది. స్టిక్కర్ మీద 500 అనే ఉండె. ఎనిమిది నెలలకు ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది, టప్ మని చప్పుడు, కాలిన వాసన. బోర్డు పోయింది, హార్డ్ డిస్క్ పోయింది, అందులో ఉన్న మా చెల్లె పెళ్లి ఫొటోలూ పోయాయి. దుకాణం వాణ్ణి అడిగితే, "ఫ్రీగా ఇచ్చినదానికి వారంటీ ఎక్కడిది?" అన్నాడు.

లెక్క ఇట్లా వేసుకోవాలి. ఈ ప్రాసెసర్ 65 వాట్ల తరగతి. వాడు తీసుకునే ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు 132 వాట్లు. బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లు కలిపితే మొత్తం 250 వాట్ల చుట్టుపక్కల తేలుతుంది. దాని మీద సగానికి పైగా జాగా ఉంచుకుని, పేరున్న కంపెనీది, 80 ప్లస్ గుర్తు ఉన్నది, 550 వాట్లది రాశాను. కార్డుకు 8 పిన్నుల వైరు కావాలి, అది ఆ సప్లైకి ఉందో లేదో చూడాలి. బోర్డు మార్చితే మిగిలిన డబ్బు ఇక్కడికే పోయింది. పోనీ.

మూడో సున్నా క్యాబినెట్‌కు. వాడు ఇష్టపడ్డ గాజు తలుపు డబ్బాలో 26 సెంటీమీటర్ల కార్డు వరకే పడుతుంది. వాడు రాసిన కార్డు మూడు ఫ్యాన్లది, 28 దాటుతుంది. ఇదే చెబుతుంటే వాళ్ల నాయన కొడుకును వెతుక్కుంటూ వచ్చాడు. అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడిసిలో సాంచెలు నడుపుతాడు. గడపలోనే నిలబడి, "అన్నా, ఆటలకు 48 వేలా? నువ్వన్న చెప్పవా?" అన్నాడు. కూర్చోబెట్టి కాయితం చూపించాను. రెండు నిమిషాలు విన్నాడు. "అంటే 52 ఇంచుల సాంచెకు 60 ఇంచుల బీము తెచ్చినట్టున్నది గదా" అన్నాడు. అంతే, దీన్ని నేనింకా బాగా చెప్పలేను.

కార్డు మార్చలేదు, అదే ఆర్ఎక్స్ 6600లో రెండు ఫ్యాన్లది రాశాను. ఆటలో తేడా కంటికి తెలియదు. బోర్డు కూడా మైక్రో ఎటిఎక్స్ రాశాను. అది 244 మిల్లీమీటర్ల చదరం, చిన్న డబ్బాలోనూ పడుతుంది. పెద్ద ఎటిఎక్స్ బోర్డు పొడుగు 305.

కాయితం మీద లేని సంగతి ఇంకోటి బయటపడింది. మానిటర్ వాళ్ల బావ దగ్గర పాతది తీసుకుంటున్నాడు. దాని వెనక నీలం రంగు విజిఎ పోర్టు ఒక్కటే ఉందట. ఈ కార్డుకు హెచ్‌డిఎంఐ, డిస్‌ప్లే పోర్టులే ఉంటాయి, విజిఎ ఉండదు. మధ్యలో ఒక కన్వర్టర్ కొనాలి. రెండు మూడు వందల వస్తువే, కానీ అది లేక ఆదివారమంతా నల్ల తెర ముందు కూర్చునేవాడు.

వాళ్ల నాయన ఆఖరికి, "దీని మీద టవల్ డిజైన్లు గీస్తరట గదా?" అని అడిగాడు. గీయొచ్చు అన్నాను. కానీ వాడు కొంటున్నది ఆటల కోసమే, అది కూడా చెప్పాను. అబద్ధం చెప్పి కొనిపిస్తే రేపు ఆ మెషిన్ మీద రోజూ గొడవే. ఆయన కాసేపు మాట్లాడలేదు. "వాడి పైసలే ఎక్కువున్నయి లే" అని లేచాడు.

శనివారం పార్టులు వచ్చాయి. ఇద్దరం కూర్చుని మూడు గంటల్లో అమర్చాం. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర రాలేదు. పిలగాడి మొహం పాలిపోయింది. చూస్తే కేబుల్ బోర్డుకు పెట్టాడు. లోపల గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ కదా, కేబుల్ కార్డుకే పెట్టాలి. మార్చగానే తెర వెలిగింది. తలుపు పక్కన బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న వాళ్లమ్మ అప్పుడు తలెత్తి చూసింది.

కొనబోయేవాళ్లు ఈ ఆరూ కాయితం మీద రాసుకుని పోండి:

1. ప్రాసెసర్ సాకెట్, బోర్డు సాకెట్ ఒకటేనా?
2. బోర్డు అడిగేది డిడిఆర్4నా, 5ఆ? 16 జిబి ఒకటే ముక్క కాకుండా 8 జిబివి రెండు తీసుకుంటే ఆటలు బాగా నడుస్తాయి.
3. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉందా, కార్డు కావాలా? ఉన్న డబ్బులో మూడో వంతు దాకా కార్డుకే పెట్టొచ్చు.
4. సప్లై వాట్లు, కార్డుకు కావలసిన వైరు సరిపోయాయా?
5. కార్డు పొడుగు, బోర్డు సైజు డబ్బాలో పడతాయా?
6. మానిటర్ వైరు ఏది?

ప్రాసెసర్ సీలు వేసిన డబ్బాలోనే తీసుకోండి. 5600 డబ్బాలో కూలర్ కూడా వస్తుంది, విడిగా అమ్మే ట్రే సరుకుకు రాదు. నంబర్లు రాసిన జిఎస్‌టి బిల్లు అడగండి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే, మీ వారంటీని మీరే అమ్ముకున్నట్టు.

అతి తక్కువ ధరకు "గేమింగ్ సెట్" అని రంగుల లైట్లతో అమ్మేవాటిలో చాలావరకు ఇంటెల్ మూడో తరం లాంటి పాత ప్రాసెసర్లుంటాయి. విండోస్ 10కి కంపెనీ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే. మన పిల్లలెక్కువగా ఆడే వాలరెంట్ చిన్న కార్డు మీదా నడుస్తుంది గానీ, విండోస్ 11లో టిపిఎం 2.0, సెక్యూర్ బూట్ లేనిదే తెరుచుకోదు. లైట్లు చూసి పోవద్దు, తరం అడగండి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయినా, లామింగ్టన్ రోడ్డుకు పోయినా అడగాల్సినవి ఇవే. అనుమానముంటే బండెక్కకముందే కాయితం తెచ్చి చూపండి, ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను. కూలర్ల సంగతి వచ్చే నెల.