క్లబ్బే ముందు

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి భిలాయిలో ఉక్కు కర్మాగారం లేచినప్పుడు రష్యన్ అక్కడ పనికొచ్చే భాషైంది. మాట్లాడే ఇంజనీర్లు పక్కనే ఉన్నారు మరి. హైదరాబాద్‌లోని విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్ చదివేవాళ్లకు ఆ వెసులుబాటేదీ? 20 దేశాల అధికార భాషే, కానీ మన వీధిలో వినపడదు. ఆ లోటు తీర్చాల్సింది విద్యార్థి క్లబ్బే. ఏప్రిల్ 23న స్పానిష్ దినోత్సవమంటూ ఒక డాన్సు, ఒక గ్రూప్ ఫొటోతో సరిపెట్టేది కాదు (ఫొటోలకేం, బాగానే వస్తాయి); మార్కుల భయం లేకుండా, తప్పులు దొర్లినా వారం వారం మాట్లాడించేది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ పట్టేసిన, భిలాయి పక్కనే ఉన్న దుర్గ్ తెలుగు పిల్లలకు మాట్లాడుతూ నేర్చుకునే ఈ కిటుకు కొత్త కాదు. 2015లో పుట్టిన అక్కడి విశ్వవిద్యాలయంలో విదేశీ భాషల శాఖ, సిలబస్, పోస్టుల మంజూరు అంటూ కూర్చోకుండా ముందు క్లబ్బు పెట్టుకోవచ్చు. దానికి ఖాళీ గది, నలుగురు మనుషులు చాలు.