దివిసీమలో పాముకాటు: గండమనే మాటకు జవాబు

2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగాయి. నెల రోజుల్లో వందమందికి పైగా కాటుకు గురయ్యారని పత్రికలు రాశాయి. ఆ నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం జరిగింది. దానికి పూనుకున్నది ప్రభుత్వ యంత్రాంగమే.

నాగుల చవితికి పుట్టలో పాలు పోసే తల్లిని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. ఆ భక్తి ఈ సీమ బతుకులో భాగం. తప్పుపట్టాల్సింది ప్రభుత్వాన్ని. ఆసుపత్రులు నడపాల్సిన సర్కారే యాగానికి కూర్చుంటే, పాముకాటు దైవఘటన అని ఊరందరికీ చాటినట్టయింది. పల్లెల్లో ముందునుంచీ ఉన్న మాట కూడా అదే: అది గండం, నూకలుంటే బతుకుతాడు, చెల్లితే పోతాడు.

ఈ మాట అబద్ధమని లెక్కలు చెబుతున్నాయి. 2001 నుంచి 2003 వరకు దేశమంతటా ఇంటింటికీ వెళ్లి మరణ కారణాలు ఆరా తీసిన అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఏటా దాదాపు 46 వేలమంది పాముకాటుతో చనిపోతున్నారని, వారిలో 97 శాతం పల్లెవాసులని అందులో తేలింది. జనాభాతో పోలిస్తే మరణాలు అన్ని రాష్ట్రాలకంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. లక్షమందికి 6.2 చొప్పున, ఏటా 5,200 మంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకానే చావుల ఉద్ధృతి. గండమే అయితే అది నాట్ల కాలాన్ని, నాట్లు వేసే చేతుల్ని ఏరుకుని ఎందుకు వస్తుంది? కాలవలకు నీళ్లొదలగానే కన్నాలు మునుగుతాయి. ఎలుకలు గట్టెక్కుతాయి, వాటి వెనకే పాములూ ఎక్కుతాయి. అదే గట్టు మీద చీకటితో కూలీలు చెప్పుల్లేకుండా నడుస్తారు. గుడివాడ చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద పాకల్లో నేల మీద పడుకునే కాపలా మనిషిదీ ఇదే పరిస్థితి.

అదే అధ్యయనంలో మరో అంకె గుండె పిండేస్తుంది. చనిపోయినవారిలో ఆసుపత్రిలో కన్నుమూసింది 23 శాతమే. మిగతావాళ్లు ఇంట్లోనో, దారిలోనో, మంత్రగాడి అరుగు మీదో పోయారు.

మంత్రం పనిచేస్తుందని నమ్మేవాళ్లు అబద్ధాలాడటం లేదు. తాము చూసిందే చెబుతున్నారు. డెల్టా నీళ్లలో ఎక్కువగా కనిపించేది నీరుకట్టె, దానికి విషం లేదు. జెర్రిపోతుకూ లేదు. విషప్పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం దింపదు. అలాంటి కాట్లన్నీ పసరు పోసినా తగ్గుతాయి, పోయకపోయినా తగ్గుతాయి. తగ్గిన ప్రతి కేసూ మంత్రగాడి ఖాతాలో పడుతుంది, తగ్గనిది రోగి రాతలో పడుతుంది. ఇలా లెక్కగడితే ఓడిపోయే వైద్యుడు ఎక్కడా ఉండడు.

నిజమైన పరీక్ష రక్తపింజరి, కట్లపాము దగ్గర వస్తుంది. రక్తపింజరి విషం రక్తానికున్న గడ్డకట్టే గుణాన్ని హరిస్తుంది, తర్వాత మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అలాంటి మనిషికి విషం దిగాలని బ్లేడుతో కోస్తే రక్తం ఆగదు. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరుస్తుంది, చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కూడా కనబడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాలిపోయే కనురెప్పలు, ఆపైన ఆగిపోయే ఊపిరి. ఆ ఊపిరిని యంత్రంతో నిలబెడితే మనిషి లేచి కూర్చుంటాడు. మంత్రంతో నిలబడదు.

రక్తపింజరి విషం ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం పనిచేస్తున్నట్టే, వెంటనే మందు ఎక్కించాలి. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ మన దేశంలో తయారయ్యేది ఒకటే మందు. మొదటి విడతగా మామూలుగా పది వయల్స్ ఎక్కిస్తారు. పసిపిల్లకైనా పెద్దకైనా మోతాదు అంతే, ఎందుకంటే పాము మనిషి బరువు చూసి విషం దింపదు.

ఇక్కడ చదువుకున్నవాళ్లు ఒక మాట అంటారు: జనానిదే మూఢనమ్మకం, చైతన్యం వస్తే చాలునని. ఇది సగం నిజం, ఆ మిగతా సగాన్ని కప్పిపుచ్చే మాట కూడా. మంత్రగాడు పక్క వీధిలోనే ఉంటాడు, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. ఎదురుమొండి దీవిలో కాటు పడితే ముందు పడవ దొరకాలి. ఒడ్డుకు చేరాక నాగాయలంకో అవనిగడ్డో వెళ్లాలి. మందు పడకపోతే ఒళ్లు ఎదురుతిరుగుతుందన్న భయంతో చిన్న ఆసుపత్రిలో చీటీ రాసి బందరుకు పంపితే, ఆ ప్రయాణమంతా విషానికే కలిసొస్తుంది. ఆ రియాక్షన్‌ను అడ్రినలిన్ ఇంజెక్షన్ అదుపు చేస్తుంది. పంపక తప్పదనుకుంటే, మందు మొదలుపెట్టి పంపాలి.

వరద వస్తే ఇదంతా రెట్టింపవుతుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి 2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది. 2024 సెప్టెంబరులో అంతకంటే ఎక్కువే వచ్చింది. లంకలు మునిగితే మనుషులూ పాములూ చేరేది అవే మెరక నేలలకు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఈ తీరం తుపాను షెల్టర్లు కట్టుకోవడం నేర్చుకుంది. ఆ షెల్టర్ల జాబితాలో బియ్యం, నీళ్లు, కిరోసిన్‌తో పాటు పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఎంత ఉందో, అక్కడికి పడవ ఎవరు నడుపుతారో కూడా రాసి ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది. 2030 నాటికి చావులను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో ప్రణాళిక ప్రకటించింది. ప్రతి కాటునూ తప్పనిసరిగా నమోదు చేయాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలను కోరింది. గండాన్ని ఎవరూ నమోదు చేయరు, జబ్బునే నమోదు చేస్తారు.

కాబట్టి దివిసీమ రైతులకూ కూలీలకూ ఒక విన్నపం. నాట్లు మొదలవకముందే మీ పీహెచ్‌సీకి వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: పాముకాటు మందు ఎన్ని వయల్స్ ఉన్నాయి, రాత్రి పదకొండు తర్వాత దాన్ని ఎక్కించేవాళ్లు ఎవరు? జవాబు రాకపోతే పంచాయతీ సమావేశంలో అడగండి. కాటు పడిన రోజున మాత్రం కట్లు బిగించకండి, కోయకండి, నడిపించకండి. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.