పడవ కింద చక్రం పెడితే పరువు పోతుందా?

పోస్టు కొంచెం పొడుగే, కానీ చివరిదాకా చదివి మాట్లాడండి.

వానాకాలం వచ్చిందంటే చాలు, మన గ్రూపుల్లో ఒకే రకం ఫొటోలు తిరుగుతాయి. నలుగురు కుర్రాళ్లు పడవను భుజాన వేసుకుని రేవుకు దిగుతుంటారు. కింద "ఇదీ ఆదివాసీ దమ్ము" అని రాసి లైకులు కొడతాం. అదే పడవ కింద రెండు చక్రాల బండి పెట్టుకుందాం అంటే మాత్రం "అది టూరిస్టులు కయాక్‌లు తోసుకునే బండి, మనకెందుకు?" అని ఎగతాళి. ఈ ఎగతాళి మీదే మా అభ్యంతరం.

కయాక్ టూరిస్టులది అని ఎవరు చెప్పారు? అది ఆర్కిటిక్ తీరాల ఇన్యూట్ ఆదివాసీలది. కట్టె చట్రానికి సీల్ తోలు బిగించి వేట కోసం కట్టుకున్నారు. కెనూ అనే మాట కూడా కరీబియన్ దీవుల టైనో ఆదివాసీల నోటి నుంచి వచ్చిందే. మరి సముద్రం గడ్డకట్టినప్పుడు ఇన్యూట్ వాళ్లు ఏం చేశారు? కయాక్‌ను మంచు మీద జారే స్లెడ్జి బండి మీద పెట్టి నీళ్ల అంచుదాకా లాక్కెళ్లారు. దాంతో వాళ్ల సంస్కృతి ఏమీ తగ్గలేదు. నేల ఎట్లా ఉంటే దానికి తగ్గ ఉపాయం చేసుకోవడమే సంస్కృతి.

మోతను గొప్పగా చెప్పే కథల్లో లాభం ఎవరికి పోయిందో కూడా చూడాలి. ఉత్తర అమెరికాలో గ్రాండ్ పోర్టేజ్ అని ఒక దారి ఉంది, దాదాపు 13.6 కిలోమీటర్లు. నదిలో జలపాతాలు అడ్డమొస్తాయి కాబట్టి బొచ్చు వ్యాపారం కంపెనీల కూలీలు సరుకంతా ఆ దారిలో వీపున మోసేవాళ్లు. ఒక్కో మూట సుమారు 41 కిలోలు, మనిషికి మామూలుగా రెండు మూటలు. హెర్నియా వచ్చి చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు. వీరులన్న పేరు కూలీలకు దక్కింది, డబ్బు కంపెనీలకు చేరింది. మన డోలీ మోతను ఫొటోలు తీసి మెచ్చుకునేవాళ్లను చూస్తే మాకు ఇదే గుర్తొస్తుంది.

ఇప్పుడు మన గోదావరి, శబరి ఒడ్డుకు వద్దాం. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అట్లాంటి వరదలో నీళ్ల అంచు గంటగంటకూ జరుగుతుంది, పడవనూ దాంతోపాటు జరపాలి. జరిపేదెవరు? మనం హాస్టళ్లలో ఉంటాం, లేకపోతే పట్నంలో పనుల్లో ఉంటాం. ఊళ్లో ఉండేది ముసలోళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. నలుగురు మగాళ్లు ఎత్తితే తప్ప కదలని పడవ, ఆ నలుగురూ లేనిరోజు ఉన్నా లేనట్టే. బండి ఉంటే ఇద్దరు అక్కలు చాలు.

ఇదేం పెద్ద యంత్రం కాదు. ఒక ఇరుసు, రెండు చక్రాలు, పడవ అడుగు కూర్చునేలా చట్రం, పడవకు గీతలు పడకుండా పైన పాత ట్యూబు చుట్టాలి. వెల్డింగ్ షాపులో అయిపోతుంది. సన్నటి సైకిల్ టైర్లు ఇసుకలో దిగబడతాయి, వెడల్పు టైర్లు కావాలి, ఇసుకలో గాలి కొంచెం తగ్గించాలి. పడవ నడుముకు కొద్దిగా వెనక బండి పెడితే బరువంతా చక్రాల మీద పడి, ముందు పట్టుకున్నవాళ్ల చేతికి కొంచెమే వస్తుంది. రెండు చోట్ల తాడుతో బిగించాలి. దిగుడులో ఒకరు వెనక తాడు పట్టి ఆపాలి. మెట్లు, బండరాళ్లు, లోతు బురద వచ్చినచోట ఎత్తక తప్పదు. అన్నిచోట్లా పనికొస్తుందని మేమూ అనట్లేదు.

"బండి పెట్టుకుంటే ఆఫీసర్లు ఇక వంతెన అక్కర్లేదంటారు" అని కొందరి భయం. ఆ భయం ఉత్తది కాదు. కానీ ఇన్నేళ్లూ భుజాల మీద మోశాం కదా, మా మోత చూసి జాలిపడి ఎన్ని వంతెనలు కట్టారు? నడుములు విరగ్గొట్టుకోవడం అర్జీ కాదు. వంతెన మన హక్కు, దానికోసం కొట్లాడాల్సిందే. కొట్లాడేవాళ్లకు నడుము బాగుండాలి కదా.

అందుకే మా మాట ఇది. వచ్చే గ్రామసభలో ప్రతి రేవు ఊరి నుంచీ రాతపూర్వకంగా అడుగుదాం: పడవ ఇస్తే దాంతోపాటు బండి, లైఫ్ జాకెట్లు కూడా ఇవ్వాలి. వంతెన అర్జీ వేరే కాగితం మీద, అదే రోజు, అదే చేత్తో ఇద్దాం. ఇచ్చేదాకా ఆగకుండా, సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక్కో రేవుకు ఒక్క బండైనా మనమే చేయిద్దాం. ఈసారి గ్రూపులో పెట్టే ఫొటోలో ఇద్దరు అక్కలు పడవ తోసుకెళ్తూ కనపడాలి.

జై ఆదివాసీ!